పెదవి విరిచినవాడికి నడిముక్క

సరుకు చూసి పెదవి విరవనివాడు తెలివైనవాడు కాడని బట్టల షావుకారు నమ్మకం. ఆయన కొట్లోనూ అదే లెక్క. "బాగుంది" అన్నవాళ్లకు పైవరస చీరలు, మూతి ముడిచినవాళ్లకు లోపలి బీరువా చీరలు. అందుకే తోటి వ్యాపారులు ఆయన్ని చాటుగా పెదవివిరుపు షావుకారు అనేవారు.

కాపురానికొచ్చిన ఇన్నాళ్లకు భార్యను సముద్రం ఒడ్డు ఊరికి తీసుకెళ్లాడు. ఉక్కపోతకు చొక్కా వీపుకు అంటుకుపోతోంది. రేవు పక్క సందులో తాటాకు కప్పు కింద ఓ ముసలావిడ నడిపే పాత పూటకూళ్లిల్లు కనిపించింది. ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప వాసనకు షావుకారు కడుపులో ఎలుకలు పరుగులు పెట్టాయి.

గుమ్మంలోనే భార్య చెవిలో ఊదాడు. "ఎంత బాగున్నా బాగుందనకు. మెచ్చుకుంటే తోకముక్కే గతి. మూతి ముడిస్తే నడిముక్క ఏరి తెస్తారు."

"మీతో కాపురం బాగుందని నేనెప్పుడూ అనలేదే. నాకేం నడిముక్క దక్కిందండీ?"

షావుకారు వినపడనట్టు పీట మీద కూర్చున్నాడు.

మొదటి ముద్దకే కళ్లు అరమోడ్పులయ్యాయి. బలవంతాన తెరిచి పెదవి విరిచాడు. "ఏదో తక్కువైంది."

"ఉప్పా బాబూ?" అంది అవ్వ.

"కాదు."

"పులుపా?"

"అదీ కాదు. ఏదో..."

అవ్వ గబగబా లోపలికెళ్లి నడిముక్క తెచ్చి వేసింది. షావుకారు భార్యకేసి కన్నుగీటాడు. లాభం వచ్చాక ఆగిపోతే బాగుండేది. ఆశ ఆగదుగా! మళ్లీ పెదవి విరిచాడు.

అవ్వ గరిటె పక్కనపెట్టి చతికిలబడింది. "మా అమ్మ నేర్పిన వంట. ఇన్నేళ్లలో ఎవరూ ఇలా అనలేదు. నా చెయ్యే చెడిపోయిందేమో." కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

పక్క వరసలో తింటున్న పడవవాళ్ల చేతులు ఆగిపోయాయి. "నీ చేతికేం కాలేదవ్వా, ఆయన నాలికే చెడింది. జ్వరమొస్తే నోరలాగే ఉంటుంది" అన్నాడొకడు.

షావుకారు భార్య వెంటనే అందుకుంది. "అవునవ్వా, ఈయనకే ఒంట్లో బాలేదు. నాకైతే అమృతంలా ఉంది."

అవ్వ ఒక్క ఉదుటున లేచింది. "జ్వరం మనిషికి చేప పెట్టానా! ఎంత పని చేశాను!" షావుకారు పళ్లెం లాగి ఆయన భార్య ముందు పెట్టేసింది.

"ఒసేయ్!" పళ్లు నూరాడు షావుకారు.

"జ్వరంలో అంత గట్టిగా మాట్లాడకండి" అంది ఆవిడ, నడిముక్క విరుచుకుంటూ.

అవ్వ కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అవి చూసేసరికి షావుకారు ఆకలి మాటే మరిచిపోయాడు. "అవ్వా, నాకే జ్వరమూ లేదు. చేప చాలా బాగుంది. మంచి ముక్క కోసం కావాలనే అలా అన్నాను."

అవ్వ ఆయన తల నిమిరింది. "నేను బాధపడతానని అబద్ధమాడుతున్నావు. ఎంత మంచి మనసు నాయనా నీది!"

షావుకారు తల నేలకు దిగిపోయింది. తిట్టి ఉంటే చెల్లుకు చెల్లయ్యేది. ఈ మంచితనాన్ని ఏ ఖాతాలో రాసుకోవాలి?

ఆయన ముందుకు ఉప్పులేని గంజి వచ్చింది. అవ్వ పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడింది. పడవవాళ్లందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు.

"ఎలా ఉంది బాబూ?"

షావుకారు ఒక గుక్క తాగాడు. పెదవిని ఎటూ పోనీకుండా బిగబట్టి, "చాలా బాగుందవ్వా" అన్నాడు.

అవ్వ ముఖం చాటంతయింది. "అమ్మయ్య! అయితే కడుపునిండా తాగు" అంటూ ఇంకో రెండు గరిటెలు పోసింది.