అధ్యక్షుడి రౌటరు, కార్యదర్శి రౌటరు

కరోనా రెండో విడతలో సూరత్ సూరతంతా ఆక్సిజన్ కోసం పరుగులు పెడుతుంటే, అక్కడి గోడాదరా పేట తెలుగు సంఘం అధ్యక్షులు, వార్డు పార్టీ నాయకులు, చీరల దలాలీ వ్యాపారి అయిన పరమేశ్వర్ గారు వాట్సాప్‌లో ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"ఇగ మన తెలుగోళ్లు ఎవ్వరి కాళ్లు మొక్కే పని లేదు. ఆక్సిజన్ సిలిండర్ మన సంఘం దగ్గర తయారుగుంది. వెబ్‌సైట్‌ల పేరు రాయుండ్రి, ఇంటికొస్తది. సిఫారసు లేదు, ఫోన్ లేదు, అంతా పారదర్శకం!"

ఆ వెబ్‌సైటును ఏదైనా అద్దె సర్వర్లో పెడదామని బ్యాంకులో కంప్యూటర్లు చూసే ఫణికుమార్ సలహా ఇచ్చాడు. పరమేశ్వర్ గారు నొచ్చుకున్నారు.

"ప్రజాసేవను పరాయింట్ల పెడ్తమా ఫణిసార్? నా ఇంట్లనే ఉండాలె."

అలా వెబ్‌సైటు వారి హాల్లో, పార్టీ పెద్దల ఫొటోల కింద, ఒక పాత కంప్యూటర్లో కొలువుదీరింది. ఇంటి ఇంటర్నెట్‌కి ఒక జబ్బుంది. రౌటరు ఆగి మళ్లీ లేచినప్పుడల్లా దాని చిరునామా నంబరు మారిపోతుంది. అందుకని ఫణికుమార్ డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టాడు. అంటే నంబరు మారినప్పుడల్లా రౌటరే పోయి, వెబ్‌సైట్ల పేర్లు చూసే కంపెనీకి "అయ్యా, మా కొత్త నంబరిది" అని చెప్పుకుంటుంది. జనం ఎప్పుడూ ఒకే పేరు కొడితే చాలు.

వారం తిరక్కుండానే, ఫణికుమార్ ఇంట్లో వంట చేసే కొమురవ్వ ఫోన్ చేసింది. ఆమె భర్త సత్తయ్య పవర్‌లూమ్ కార్మికుడు.

"సారూ, మా ఆయనకు దమ్ము ఆడ్తలేదు. దవాఖానల జాగ లేదన్నరు. బెడ్ దొరికేదాంక ఇంట్లనే ఆక్సిజన్ పెట్టుమన్నడు డాక్టరు. మా బిడ్డ సంఘం దాంట్ల పేరు రాసింది. జరసేపటికి చూస్తే పేరే లేదు. జర చూడుండ్రి సారూ."

ఫణికుమార్ మాస్కు తగిలించుకుని పరమేశ్వర్ గారింటికి పరిగెత్తాడు. "ముందు సిలిండర్ పంపించేయండి, పేరు తర్వాత ఎక్కిద్దాం" అని బతిమాలాడు.

"గట్లెట్ల సార్? పేరు లేకుంట ఇస్తే రేపు జనం ఏమంటరు? పారదర్శకత ఏం గావాలె?" అన్నారు పరమేశ్వర్ గారు. విలువల దగ్గర వారు ఎంతటివారినైనా లెక్కచేయరు.

ఇక చేసేదేముంది, ఫణికుమార్ రౌటరు ముందు కూర్చున్నాడు. రౌటరేమో 'వెబ్‌సైటు పేరు నవీకరించబడింది, విజయవంతం' అని గంటగంటకూ రాసుకుంటోంది. అధికారుల నివేదికలకన్నా నమ్మకంగా రాస్తోంది. కానీ ఆ పేరు కొడితే ఓసారి పేజీ వస్తుంది, ఓసారి రాదు. వైరు మార్చాడు. సెట్టింగులన్నీ తుడిచి మళ్లీ పెట్టాడు. లాభం లేదు. చివరికి ఫోన్లో తెరుచుకున్న పేజీని తేరిపార చూస్తే, పైన దండం పెడుతున్న ఫొటో పరమేశ్వర్ గారిది కాదు. కార్యదర్శి సూర్యనారాయణ గారిది.

ఆయన ఉండేది కడోదరాలో, అక్కడే మిల్లు మేనేజరు. ఫోన్ చేస్తే ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు.

"అవునండీ, మా ఇంట్లో కూడా పెట్టించాను. పాస్‌వర్డ్ అధ్యక్షులవారే ఇచ్చారు. సంఘం సొత్తు ఒక్కరింట్లోనే ఉంటే ఏం బావుంటుందండీ?"

అది ఆ సంఘం ఆచారం. ఒకసారి బతుకమ్మ పండక్కి మైకు ఎవరు పట్టుకోవాలన్న దాని మీద తలలు పగిలాక, ఏ వస్తువూ ఒకరింట్లో పూర్తిగా ఉండకూడదని తీర్మానం చేసుకున్నారు. గంగాళం అధ్యక్షుడింట్లో, గరిటెలు కార్యదర్శి ఇంట్లో. అంచేత రెండిళ్లలో రెండు రౌటర్లు, రెండు కంప్యూటర్లు, వెబ్‌సైటుకి మాత్రం ఒకటే పేరు. ఏ రౌటరు చివరగా తన నంబరు చెప్పుకుంటే పేరు ఆ ఇంటికి పోతుంది. తన ఫొటో కనబడనప్పుడల్లా ఎవరికి వారు రౌటరు ఆపి మళ్లీ వేస్తున్నారు. సత్తయ్య పేరు కడోదరా కంప్యూటర్లో భద్రంగా ఉంది.

"సరే, పేరు దొరికింది కదా, సిలిండర్ ఇవ్వండి" అన్నాడు ఫణికుమార్.

"ఇస్త సార్. గని రెగ్యులేటర్ సూర్యనారాయణ దగ్గరుంది."

రెగ్యులేటర్ లేని సిలిండర్ వట్టి ఇనప డబ్బా. ఫణికుమార్‌కి ఒళ్లు మండింది. ఇద్దర్నీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, "అక్కడ మనిషి ప్రాణం పోతోందండీ!" అని అరిచాడు. ఇద్దరూ చలించిపోయారు. అత్యవసర సమావేశం అక్కడికక్కడే మొదలైంది. వైద్య సిబ్బందికి అభినందనలు తెలిపారు. పేజీ మీద ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన ఉండాలని ఒప్పుకున్నారు. ఎవరిది ఎడమవైపు అన్న దగ్గర కాస్త ఆలస్యమైంది. తెల్లారి ఫొటోగ్రాఫర్ సమక్షంలో సిలిండర్, రెగ్యులేటర్ ఒకేసారి అందజేయాలని తీర్మానించారు.

"ఇప్పుడే నేనెళ్లి తెచ్చుకుంటానండీ" అన్నాడు ఫణికుమార్.

"మీకెందుకండీ శ్రమ? సంఘం ఉంది కదా" అన్నారు సూర్యనారాయణ గారు.

ఫణికుమార్ కడోదరా రౌటర్లోంచి వెబ్‌సైటు పేరు తీయించాడు. ఫొటోలు రెండూ సమానంగా అతికించాడు. సత్తయ్య పేరు మళ్లీ తనే రాశాడు. ఈసారి పేజీ కదలకుండా నిలబడింది.

తెల్లారకముందే కొమురవ్వ ఫోన్ వచ్చింది.

"సారూ, మా ఆయన పేరు తీసెయ్యుండ్రి."

"బెడ్ దొరికిందా కొమురవ్వా?"

"ఇగ మాకు అక్కెర లేదు సారూ. ఇంకెవలకన్న అక్కెర ఉంటది. ఆల్లకన్న జల్ది ఇయ్యుమనుండ్రి."

ఫణికుమార్‌కి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని పేజీ తెరిచాడు. టక్కున తెరుచుకుంది. పేరు తీసేశాడు.

మధ్యాహ్నానికి పరమేశ్వర్ గారి ప్రకటన గ్రూపులో పడింది. "మన సంఘంల పెండింగ్ దరఖాస్తు ఒక్కటి గూడ లేదు. నూటికి నూరు శాతం పరిష్కారం!" కాసేపటికి అదే ప్రకటన సూర్యనారాయణ గారి ఫొటోతో కూడా వచ్చింది.

ఆ పేజీ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరు ఎక్కణ్నుంచి పేరు కొట్టినా వెంటనే వస్తుంది. పైన ఇద్దరూ దండం పెడుతుంటారు. కింద పచ్చటి అక్షరాల్లో, సిలిండర్ సిద్ధంగా ఉంది అని ఉంటుంది.