నాంచారి ఆల్బంపై ఏకగ్రీవ తీర్మానం

ఒక పెద్ద అడవిలో పాడేవాళ్ళు తక్కువ, పాట మీద అభిప్రాయం ఉన్నవాళ్ళు ఎక్కువ. అలాంటి చోట గోరింక నాంచారి ఏడు పాటల ఆల్బం చేసింది. సగం గుండె లోతుల్లోంచి లాగి పాడే సోల్, సగం వడ్రంగిపిట్ట దరువుకు మాటలు విసిరే హిప్‌హాప్. తల్లి చనిపోయిన ఏడాది మొదలుపెట్టి, మూడు వానాకాలాలు కూర్చుని కట్టింది.

ఆ అడవిలో పాడాలంటే ఏటి ఒడ్డునున్న పాటల బండ దక్కాలి. బండ ఎవరిదో తేల్చేది శ్రోతల సభ. సభ కార్యదర్శి గుంటనక్క. దాని బావమరిది దుమ్ములగొండికి ఆ బండ మీద ఎప్పటినుంచో కన్ను.

నాంచారి సభలో ఏడు పాటలూ పాడింది. ఆఖరిది పూర్తికాకముందే అభిప్రాయాలు మొదలయ్యాయి.

"మూడో పాటకు ఏడుపొచ్చింది తల్లీ," అంది ఎలుగుబంటి. "వెంటనే నాలుగోదాంట్లో ఆ గబగబ వాగుడెందుకు? కళ్ళు తుడుచుకునే తీరికైనా ఇవ్వలేదు."

"ఆ వాగుడే అసలు సరుకు! మిగతాదంతా జోలపాట," అంది కొమ్మ మీది కోతి.

"ఆడకూతురు అంత గట్టిగా మాట్లాడటమేంటి?" అని అడవిదున్న అంతకంటే గట్టిగా అరిచింది.

"ఎంతైనా పాత ఆల్బమే బాగుంది," అని నెమలి నిట్టూర్చింది. పాతది వచ్చినప్పుడు దాని ముందుదే బాగుందన్నదీ ఈ నెమలే.

తాబేలు మాత్రం నోరు విప్పలేదు. అది ఇంకా మొదటి పాట గురించే ఆలోచిస్తోంది.

నక్క గొంతు సవరించుకుంది. "మిశ్రమ స్పందన వచ్చింది. నిబంధన ప్రకారం ఏకగ్రీవం కావాలి. సభ్యుల అభిప్రాయాలన్నీ పొల్లుపోకుండా పాటలో పెట్టి మూడు రోజుల్లో వినిపించాలి. లేదంటే బండ వేరేవాళ్ళకు," అని బావమరిదికి కన్నుగీటింది.

నాంచారి గూటికొచ్చి ముక్కు రెక్కలో దూర్చుకుంది. వేగం తగ్గించాలట, పెంచాలట. గొంతు తగ్గించాలట, అంతా పాతలా ఉండాలట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అమ్మను తలచుకుని కట్టిన పాటల్లో ఏ ముక్క కోయాలో తెలియక ఏడ్చింది.

"పిచ్చిదానా!" అంది వడ్రంగిపిట్ట. "అభిప్రాయాలు పొల్లుపోకుండా పెట్టమన్నారు కదా. పెట్టెయ్."

నాంచారి తల పైకెత్తింది. విన్న మాటను విన్న గొంతుతోనే అనడం గోరింకలకు పుట్టుకతో వచ్చిన విద్య.

మూడో రోజు సభలో ఒకే ఒక్క పాట పాడింది. ఎలుగుబంటి గోడును సాగదీసి సోల్ చేసింది. కోతి మాటల్ని దరువు మీద విసిరింది. దున్న అరుపునూ నెమలి నిట్టూర్పునూ ఉన్నవున్నట్టు దించింది. పల్లవి మాత్రం నక్కది: "మిశ్రమ స్పందన వచ్చింది, ఏకగ్రీవం కావాలి!"

ఎలుగుబంటి వెక్కివెక్కి ఏడ్చింది. "ఏం సాహిత్యం తల్లీ! అచ్చం నా మనసులో మాట!"

"వాగుడంటే ఇదీ!" అని కోతి కొమ్మ విరిగేలా గెంతింది.

"ఆడకూతురంటే ఇలా గట్టిగా ఉండాలి!" అంది దున్న.

"పాతదానికంటే బాగుంది," అంది నెమలి, జన్మలో మొదటిసారి.

ఏదో ఒక వంక పెడదామని నక్క లేచింది. కానీ అంత గొప్ప పల్లవిని కాదనడానికి దానికి నోరు రాలేదు. బావమరిది పళ్ళు కొరుకుతుండగానే ఏకగ్రీవ తీర్మానం మీద సంతకం పెట్టింది.

బండ దక్కింది. రోజూ సాయంత్రం అందరూ వచ్చి ఆ పాటే పాడించుకున్నారు. ఏడు పాటల ఊసెత్తినవాళ్ళు లేరు. నాంచారికి కడుపు మండేది, ఆ తర్వాత దిగులేసేది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేని వేళ తాబేలు మెల్లగా బండ దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, మొదటి పాట నడుమ ఒకచోట ఊపిరి బిగబట్టావు. ఎవరో గుర్తొచ్చారు కదూ?"

"మా అమ్మ," అంది నాంచారి.

"అనుకున్నాను. రెండోది పాడతావా?"

నాంచారి బండ దిగి, తాబేలు పక్కన కూర్చుని పాట ఎత్తుకుంది.

నీతి: అడవంతా మెచ్చాలంటే ఎవరి మాట వాళ్ళకే పాడి వినిపించు, నీ పాట వినిపించాలంటే తాబేలు వచ్చేదాకా ఆగు.