రెండు కొత్త తుంట్లు, ముప్పయ్యారు మెట్లు

ఆ శనివారానికి అమరేశ్వరరావు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. తొమ్మిదిన్నరకు సత్యనారాయణ వ్రతం. పదకొండున్నరకు ప్రసాదం. పన్నెండుకు మెట్ల పరీక్ష.

రెండు తుంటి కీళ్ళూ ఒకేసారి మార్పించుకుని ఆయనకు ఐదు వారాలైంది. ఒకటి చేయించుకుని, రెండోదానికి మళ్ళీ ఏడాదిపైగా వెయిటింగ్ లిస్టులో పడి ఉండే ఓపిక లేక, రెండూ కలిపి కానిచ్చేశాడు. మార్కమ్‌లో మూడో అంతస్తు కాండో ఫ్లాటు వాళ్ళది. వాకర్ పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి బాగానే తిరుగుతున్నాడు. చిక్కంతా మెట్ల దగ్గరే వచ్చింది.

ఫిజియోథెరపిస్టు స్పందన కెనడాలోనే పుట్టి పెరిగిన పిల్ల. మొదటిరోజే సూత్రం చెప్పింది. దిగేటప్పుడు బాగాలేని కాలు ముందు వెయ్యాలి, బాగున్న కాలు దాని పక్కకు తేవాలి.

"నాకు రెండూ బాగాలేనివే కదమ్మా?"

"దెన్ ఇట్ డజన్ట్ మ్యాటర్, అంకుల్. జస్ట్ పిక్ వన్."

"ఏ బేసిస్ మీద పిక్ చెయ్యాలి?"

ముప్పయ్యేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రాతపూర్వకంగా రిక్వైర్‌మెంట్ లేనిదే ఒక్క మీట నొక్కని మనిషి ఆయన. స్పందన రెండుసార్లు పరీక్ష పెట్టింది. రెండుసార్లూ మొదటి మెట్టు అంచున పావుగంట నిలబడి, చెమటలు కక్కి, వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఇవాళ మూడోసారి. వచ్చే శుక్రవారం కూతురు అనన్య కాన్వొకేషన్. ఆ హాల్లో సీటు దాకా వెళ్ళాలంటే పన్నెండు మెట్లు దిగాలి. స్పందన ఫారం మీద సంతకం పెడితే వెళ్తాడు. పెట్టకపోతే సోఫాలో కూర్చుని కూతురి పట్టా ఫోన్‌లో చూసుకుంటాడు.

ఇక వ్రతం చంద్రకళ మొక్కు. భర్తను ఆపరేషన్ థియేటర్లోకి తోసుకువెళ్తుంటే బయట నిలబడి మొక్కేసుకుంది. భరద్వాజ శర్మగారు వారంలో ఐదురోజులు ఓ కంపెనీలో టెస్టర్, రెండురోజులు పురోహితుడు. నెల మొత్తమ్మీద ఆయనకు ఖాళీ ఉన్నది ఈ ఒక్క పూటే.

"రండి, కూర్చోండి" అన్నారు శర్మగారు పీట చూపించి.

"అమ్మో, పీటమీదే!" చంద్రకళ అడ్డం వచ్చింది. "తొంభై డిగ్రీలు దాటి వంగితే కీలు ఊడొస్తుందన్నారండీ. అదీ రెండూనూ!"

"కర్త కూర్చోకుండా సంకల్పం ఎలాగమ్మా?"

వంటింట్లోంచి ఎత్తు స్టూలు వచ్చింది. అమరేశ్వరరావు దానిమీద సర్దుకున్నాడు. శర్మగారు ఓసారి ఆయన్నీ, ఓసారి కిందనున్న మండపాన్నీ చూశారు. కర్తగారి పాదాలు సరిగ్గా కలశానికి ఎదురుగా వేలాడుతున్నాయి.

"శివశివా! ఇదేం దృశ్యమండీ! స్వామిని లేపండి."

స్వామి డైనింగ్ టేబుల్ మీదికి చేరాడు. అయినా కర్త బొడ్డు దగ్గరే ఆగాడు. "ఇంకో జానెడు కావాలి" అన్నారు శర్మగారు. చంద్రకళ లోపలికి పరిగెత్తి చేతికందిన తెల్ల అట్టపెట్టె తెచ్చి, మీద పట్టు కండువా కప్పి, స్వామి పటాన్ని దానిమీద నిలబెట్టింది. శర్మగారి మొహం విప్పారింది.

రెండో కథ సగంలో ఉండగా కండువా ఓ పక్క జారింది. అమరేశ్వరరావు చూశాడు. చూసి, ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు.

పరికరాల వాళ్ళు కమోడ్ మీద బిగించే ఎత్తు సీట్లు పొరపాటున రెండు పంపారు. ఒకటి బిగించుకున్నారు. రెండోది పెట్టెలోనే ఉంది. ఆ పెట్టె మీద రంగుల బొమ్మ, బొమ్మలో సీటు, సీటు మీద హాయిగా కూర్చుని నవ్వుతున్న తెల్లజుట్టు తాతగారు. ఆ తాతగారి నెత్తిన సాక్షాత్తూ సత్యనారాయణ స్వామి.

పక్కకు కూర్చుని పుస్తకం చదువుతున్న శర్మగారికి అది కనిపించడం లేదు. ఇంకా. అమరేశ్వరరావు భార్యకు కళ్ళతో సైగ చేశాడు. ఆవిడ గబగబా వెళ్ళి దిండు తెచ్చి నడుం వెనక దోపింది.

"నొప్పా?"

"నొప్పి కాదే, పెట్టె..."

"ష్! కథ నడుస్తుంటే మాట్లాడకూడదు. కళ్ళు పోతాయి."

ఇక మిగిలింది స్వయంకృషి. వంగకుండా వస్తువులు అందుకోవడానికి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పొడుగు పట్టుకారు ఒళ్ళోనే ఉంది. చప్పుడు కాకుండా దాన్ని చాపి, కండువా కొస పట్టుకుని, బొమ్మ మీదికి లాగాడు. కండువా వచ్చింది. దాని రెండో కొస మీదున్న సాంబ్రాణి గిన్నె కూడా వచ్చింది. నిప్పులు పోయి పోయి కర్పూరం పొట్లం మీదే పడ్డాయి.

భగ్గుమంది.

చంద్రకళ కెవ్వుమని, చేతికి దొరికిన పంచామృతం గిన్నెడూ దాని మీద కుమ్మరించింది. మంట చచ్చింది. కాలిన తేనె, పాలు, పెరుగు కలిసి లేచిన పొగ గదినంతా కమ్మేసింది. పైనున్న అలారం గుండెలవిసేలా అరవడం మొదలెట్టింది. సొంతింట్లో ఉండే శర్మగారు, కాండోలో ఉండేవాళ్ళెవరూ కలలో కూడా చెయ్యని పని చేశారు. పొగ పోవడానికని కారిడార్ తలుపు బార్లా తెరిచారు.

పొగ కారిడార్లోకి నడిచింది. మరుక్షణం పన్నెండంతస్తుల్లోనూ గంటలు మోగాయి. లిఫ్టులు ఆగిపోయాయి.

"పదండి బయటికి!"

"మంట ఆరిపోయిందిగా! నడవలేనివాళ్ళు లోపలే ఉండమని గోడమీద రాసుందే!"

"రాసినవాడికి పెళ్ళాం లేదేమో! నేనుండగా మిమ్మల్ని ఈ పొగలో వదిలేస్తానా? లేవండి!"

ఒక చెయ్యి భార్య భుజమ్మీద, ఒక చెయ్యి శర్మగారి భుజమ్మీద వేసి మెట్ల దాకా వచ్చాడు. రెయిలింగు పట్టుకున్నాడు. కిందికి చూశాడు. ఆగిపోయాడు.

కుడిదా? ఎడమదా? ఆపరేషనుకు ముందు ఎక్కువ నొప్పి పెట్టింది ఎడమది. కానీ కుట్లు ఎక్కువ పడ్డది కుడివైపు. వెనక జనం పోగయ్యారు. చంకలో కుక్కపిల్లతో చైనా దంపతులు, వాళ్ళ వెనక చేతికర్రతో పంజాబీ పెద్దావిడ. "చలో బేటా, చలో!" అందావిడ.

"ఏమిటండీ ఆగారు?" శర్మగారి గొంతు కీచుగా వచ్చింది.

"ఏ కాలు ముందు వెయ్యాలో తేలడం లేదండీ!"

మంట లేచినప్పుడు కూడా శర్మగారు అంత బిత్తరపోలేదు. "ఏ కాలేమిటండీ! ఏం తిని పెరిగారు మీరు? కుడికాలు! ఎక్కడైనా కుడికాలే! ఇదీ ఒక సందేహమేనా?"

"శాస్త్రంలో ఉందా?"

"ఉంది! దిగండి!"

అంతే. ఐదు వారాలుగా ఎదురుచూస్తున్న రిక్వైర్‌మెంట్ వచ్చేసింది. అమరేశ్వరరావు కుడికాలు దించాడు. ఎడమకాలు దాని పక్కకు తెచ్చాడు. ఏదీ ఊడలేదు.

"కుడి... కలపండి... కుడి... కలపండి..." శర్మగారు మంత్రం చదివినంత స్పష్టంగా చెబుతున్నారు. రెండో అంతస్తు దగ్గర పంజాబీ పెద్దావిడ అందుకుంది. మొదటి అంతస్తుకు వచ్చేసరికి చైనా దంపతులు కూడా "కుడి... కలపండి" అంటున్నారు. ముప్పయ్యారు మెట్లు అయిపోయాయి.

కింద తలుపు తెరుచుకుంది. ఎదురుగా స్పందన, చేతిలో పరీక్ష ఫారం. పన్నెండింటి పరీక్షకు ముందుగానే వచ్చి, లిఫ్టులు ఆగిపోవడంతో కిందే ఉండిపోయింది. మెట్ల మీది "కుడి... కలపండి" అంతా విన్నట్టుంది.

"అంకుల్! ఓ మై గాడ్! వేర్ ఈజ్ యువర్ వాకర్?"

అప్పుడు చూసుకున్నాడు ఆయన. వాకర్ పైన ఉంది. తను కింద ఉన్నాడు. స్పందన ఆయన్ని లాబీలోని ఎత్తు బెంచీ మీద కూర్చోబెట్టి, కీళ్ళు రెండూ కదిపి చూసి, నాడి చూసి, తల అడ్డంగా ఊపుతూనే ఫారం మీద సంతకం పెట్టింది.

"ఫ్రైడే వెళ్ళొచ్చా అమ్మా?"

"వెళ్ళండి. బట్ నెవర్ డూ దిస్ అగైన్!"

చంద్రకళ కళ్ళు ఒత్తుకుంటుండగా పైనుంచి ఫైర్ ఆఫీసర్ దిగాడు. ఒక చేత్తో స్వామి పటాన్ని భద్రంగా గుండెకు ఆనించుకున్నాడు. రెండో చంకలో తెల్ల అట్టపెట్టె. బొమ్మ ఇటువైపే ఉంది. లాబీలో ఉన్న అరవైమందికీ తాతగారు నవ్వుతూ కనిపించారు.

"దిస్ వాజ్ అండర్ ద పిక్చర్. యువర్స్, సర్?"

చంద్రకళ బొమ్మను చూసింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జారబడింది. శర్మగారు దగ్గరికి నడిచారు. పెట్టెను ఎగాదిగా చూశారు. చుట్టూ తిరిగి చూశారు. అమరేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు.

"సీలు తీశారా?"

"లేదండీ."

"వాడారా?"

"ఒట్టు. తెరవనే లేదు."

"అయితే కొత్త వస్తువే. దోషం లేదు." శర్మగారు సెల్లు తీసి టైము చూసుకున్నారు. "మూడున్నర కథలు మిగిలాయి. ఇక్కడే చెప్పేస్తాను, వినండి."

స్పందన ఆయన మోచేతి దగ్గరికి వచ్చింది. "పంతులుగారూ, మీ నంబర్ ఇస్తారా? స్కార్‌బరోలో నాకు ఇంకో ఇద్దరు అంకుల్స్ ఉన్నారు. బోత్ స్టక్ ఆన్ ద టాప్ స్టెప్."

ఆ నెలలో శర్మగారికి వ్రతాలకన్నా మెట్లే ఎక్కువ వచ్చాయి.