క్రాకోవ్‌లో మూడు గదుల ఇల్లు

మా జిల్లాలో దుబాయికి పోయినవాళ్లున్నారు, మస్కట్‌కు పోయినవాళ్లున్నారు, బొంబాయిలో దారి తప్పి అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. కానీ పోలండ్ దేశంలో, క్రాకోవ్ అనే పట్నంలో ఇల్లు పెట్టిన మొనగాడు మాత్రం మా లింగారావు ఒక్కడే. ఉత్తమాట అనుకునేరు. ఆ ఇంటి పెద్దగదిలో, కిటికీ పక్కన, కాళ్లు చాపుకుని చాయ్ తాగినవాణ్ని నేను. గాలి బ్రహ్మాండంగా వచ్చింది.

ధర్మపురికి ఇవతల మా ఊళ్లో లింగారావుకు పొలం ఉంది, పసుపు పండుతుంది, ఇంటి వెనుక నాలుగు బర్రెలున్నాయి. లేనిదల్లా నిలకడ. ఒక ఏడు కుందేళ్లు పెంచాడు. అవి బొరియలు తవ్వుకుంటూ పోయి పక్కింటివాళ్ల వంటింట్లో తేలాయి. ఆ వారమంతా పక్కింటివాళ్లు కూరగాయలు కొనలేదు. మరో ఏడు మంచం కింద పుట్టగొడుగులు వేశాడు. పుట్టగొడుగులు రాలేదు కానీ మంచం కోళ్లకు చెదలు వచ్చాయి. అప్పటి నుంచి ఆ మంచం మీద పడుకున్నవాడికి తల ఒక ఎత్తు, కాళ్లు ఒక ఎత్తు.

ఆయన భార్య లీలాబాయి మాత్రం ఎన్నో ఏళ్లుగా ఒకే ఒక్కటి అడుగుతూ వచ్చింది. బర్రెలకు కొత్త కొట్టం. పాత కొట్టం ఎప్పుడో ఒక పక్కకు వాలిపోయింది. వాన పడితే నాలుగు బర్రెలూ ఇంటి వరండాలోకి వచ్చి నిలబడేవి. వాటి మధ్య కుర్చీ వేసుకుని లింగారావు పేపరు చదివేవాడు. కొట్టం మాట ఎత్తితే పేపరు ఇంకొంచెం పైకి ఎత్తేవాడు.

తొంభై మూడో సంవత్సరంలో రామచంద్రం వచ్చిపడ్డాడు. లింగారావుకు మేనత్త కొడుకు, గోదావరిఖనిలో బొగ్గుగనుల దగ్గర టైపు కొట్టే ఉద్యోగం. గనిలో దించే యంత్రాలతో పాటు పోలండ్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొన్నాళ్లు ఉన్నాడట. పోతూ పోతూ ఒక రంగుల కాగితం రామచంద్రం చేతిలో పెట్టాడట. అందులో ఒక ఫ్లాటు నక్షా ఉంది. మూడు గదులు, వంటిల్లు, పాయఖానా, బాల్కనీ.

"బావా, ఆ దేశంల సర్కారే మారిపోయింది. జర్మనోళ్లు పోయి ఇండ్లు కొంటుండ్రు. ఇయ్యాల కొని పారేస్తే ఐదేండ్లల్ల ఒకటికి పదైతది," అన్నాడు రామచంద్రం.

"మనకు అమ్ముతరారా? మనం పరాయోళ్లం గద?"

"జర్మనోడు సుత వాళ్లకు పరాయోడే. పరాయోళ్లల్ల మళ్ల ఫరక్ ఏంది బావా?"

ఈ లాజిక్కు లింగారావు గుండెలో మేకులా దిగింది. మూడో భాగస్వామిగా బియ్యం మిల్లు లచ్చయ్య చేరాడు. లచ్చయ్యకు ప్రపంచంలో ఏదైనా బస్తాల లెక్కనే అర్థమవుతుంది. మూడు గదులు, ముగ్గురు మనుషులు. కొనాలి, కిరాయికి ఇవ్వాలి, ధర పెరిగాక అమ్మాలి. అంతా కుదిరింది. కుదరనిది ఒక్కటే. లింగారావు వాటా ఎక్కడి నుంచి రావాలి? కాలువ పక్కన లీలాబాయికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఉంది. ఆమె పేరు మీదే ఉంది. ఆమె సంతకం కావాలి.

అన్నం వడ్డిస్తుండగా మెల్లగా ఎత్తాడు.

"లీలా, నీ అరెకరం అమ్మి ఫ్లాటు కొందామనుకుంటున్న."

"ఏడ? కరీంనగర్లనా?"

"జర దూరం."

"హైద్రాబాదా?"

"ఇంకా జర దూరం."

"బొంబాయా?"

"అక్కడ్నుంచి విమానం ఎక్కాలె."

లీలాబాయి గరిట గిన్నెలో పెట్టేసింది. "ఇల్లు చూసిండ్రా?"

"చూసిన. కాయితం మీద."

"కుందేళ్లను సుత కాయితం మీదనే చూసిండ్రు."

"దానికీ దీనికీ లంకె ఏంది? కుందేలు ఉరుకుతది. ఇల్లు ఉరుకుతదా?"

"ఇల్లు ఉరుకది. కొన్నోళ్లను ఉరికిస్తది. మా బాపు ఇచ్చిన భూమి జోలికి రాకుండ్రి, చెప్తున్న."

లింగారావు అలిగి అన్నం మానేశాడు. మిల్లు దగ్గర లచ్చయ్య ఇంట్లో తిని వచ్చి మరీ మానేశాడు. లీలాబాయి బతిమాలలేదు. పైగా ఆయన వంతు అన్నం కుడితిలో కలిపి బర్రెలకు పెట్టింది. బర్రెలు రెండు రోజులు సంతోషంగా ఉన్నాయి.

మూడో రోజు పొద్దున ఆమె చాయ్ తెచ్చి ఇచ్చి, "సరే, సంతకం పెడ్త," అంది.

లింగారావుకు చాయ్ పొలమారింది. "నిజంగనా?"

"నిజంగనే. కాని ఒక్క మాట. కోళ్లగూడు కట్టినా ముందుగాల ముగ్గు పోసి చూసుకుంటం. గింత పెద్ద ఇల్లు ముగ్గు పోయకుండ ఎట్ల కొంటరు? ఎనుక జాగ ఖాళీగనే ఉన్నది. కాయితంల ఎట్లున్నదో అట్లనే పోయుండ్రి. మీ ముగ్గురి ఆడోళ్లం లోపల తిరిగి చూస్తం. నచ్చితే ఆడనే సంతకం."

పునాది తవ్వే ముందు గోడలు వచ్చేచోట నేల మీద సున్నంతో గీతలు పోస్తారు గదా, ఆ ముగ్గు. అడిగిందల్లా సున్నమే కదా అని లింగారావు పొంగిపోయాడు. తాడు, మేకులు, సున్నపు తట్ట పట్టుకుని స్వయంగా దిగాడు. ఒళ్లంతా తెల్లబడి, ఆయనే ఒక పోలండ్ మనిషిలా తయారయ్యాడు.

లీలాబాయి పక్కన నిలబడి చూస్తూ, "పెద్దగదిల ఆ గోడ పొంటి పొడుగ్గ ఒక గట్టు సుత గీయుండ్రి," అంది.

"గట్టెందుకే?"

"అక్కడ చలి అంటిరి గద. గోడకు ఆనుకోని వరుసగ కూసుంటరు."

పెళ్లాం ఇంత శ్రద్ధ తీసుకుంటుంటే ఏ మొగుడు కాదంటాడు? పొడుగ్గా గట్టు గీశాడు.

గురువారం నాడు కొబ్బరికాయ కొట్టారు. పెద్దమనిషినని నన్నూ పిలిచి పెద్దగదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఇదే నేను మొదట చెప్పిన చాయ్. కిటికీ అంటే సున్నపు గీతలో వదిలిన మూరెడు సందు. గోడలే లేనప్పుడు గాలి బ్రహ్మాండంగా రాక ఏం చేస్తుంది?

మిల్లు లచ్చయ్య భార్య చంద్రవ్వ పాన్‌దాన్ చంకన పెట్టుకుని వచ్చి గబుక్కున గీత దాటి లోపల అడుగుపెట్టింది.

"అయ్యో చంద్రవ్వా, గోడల నుంచి వస్తివి! దర్వాజ అటున్నది!" అని అరిచింది రామచంద్రం భార్య సరళాదేవి.

"అటు దక్షిణం గదమ్మా. దక్షిణం దర్వాజ నుంచి నేను రాను," అంది చంద్రవ్వ.

అప్పుడు తెలిసింది, నక్షాలో తూర్పు ఎటో రాసిలేదని. రామచంద్రం కాగితం తిప్పాడు. తిప్పితే పాయఖానా ఈశాన్యానికి వచ్చింది. ఇంకోసారి తిప్పాడు. వంటిల్లు పోయి వాయవ్యంలో పడింది. కాగితంతో పాటు అందరూ తిరగడం మొదలుపెట్టారు. నేను కళ్లు తిరిగి, సున్నంతో గీసిన గట్టు మీద కూలబడ్డాను.

"దిక్కులు ఎటన్న పోనీయుండ్రి. అక్కడ మనమెవ్వరం ఉండం! కిరాయోడు ఉంటడు!" అన్నాడు లింగారావు.

లీలాబాయి ఏమీ తెలియనట్టు, "కిరాయోళ్లు ఏం వండుకుంటరో రామచంద్రం?" అని అడిగింది.

"పంది మాంసం తింటరక్కా."

"నా వంటింట్లనా!" అని సరళాదేవి సున్నపు గీత మీద కూలబడింది.

"నీ వంటిల్లు ఎట్లయితది? అది ముగ్గురిది," అంది చంద్రవ్వ, పాన్ నములుతూ.

"ముగ్గురిదైతే నువ్వు వండినంక కడిగేది ఎవరు?"

"మంచు పడే దేశమంట," అని లీలాబాయి మళ్లీ నోరు తెరిచింది. "వడియాలు ఆరబెట్టుకుంటందుకు బాల్కనీ ఒక్కటే దిక్కు. ముందుగాల ఎవరివి ఆరబెడ్తరో, ఏమో."

ఇంతే ఆమె అన్నది. తర్వాత ఆ బాల్కనీ కోసం జరిగిన లొల్లి ధర్మపురి గుడిదాకా వినపడిందని చెబుతారు. సరళాదేవి బిడ్డ కాన్పు ఆ ఇంట్లోనే చేయాలంది. బిడ్డకు అప్పటికి ఎనిమిదేళ్లు. చంద్రవ్వ తమ వంతు గదిలో రోలు పెట్టాలంది. ఇల్లు మూడో అంతస్తులో ఉందని రామచంద్రం గుర్తుచేస్తే, అయితే కింది వాళ్లను లేవమనండి అంది.

ఈలోగా లచ్చయ్య తన గదిని అడుగులతో కొలిచి ముఖం మాడ్చుకున్నాడు. "రావు సాబ్, దీంట్ల ఇరవై బస్తాలు సుత పట్టవు."

"క్రాకోవ్‌ల బస్తాలు ఎందుకయ్యా లచ్చయ్యా!"

"ఇల్లన్నంక బస్తా ఉండదా?" అంటూ లచ్చయ్య కాలితో గీత చెరిపి, గోడను జానెడు ఇవతలికి జరిపాడు. అది చూసి రామచంద్రం అటు వైపు గోడను మూరెడు లోపలికి జరిపాడు. రెండు గదుల మధ్య ఉన్నది లింగారావు గది. ఇద్దరూ అలా జరుపుతూ పోగా అది మొదట మంచం అంత అయింది, తర్వాత బెంచీ అంత అయింది.

"అరే! నా గది ఏదిరా?" అన్నాడు లింగారావు, రెండు కాళ్లూ దగ్గరికి పెట్టుకుని నిలబడి. కాళ్లు ఎడంగా పెడితే చెరో దేశంలో పడేటట్టున్నాయి. "ఇరవై ఏండ్ల నుంచి ఈ ఊర్లె ఒక్కరూ గట్టు తగాద పెట్టుకోలే. లేని ఇంటికి, ఉండని మనుషులు, పొయ్యని గోడల మీద... నా ప్రాణం తీస్తుండ్రు గదరా!"

"బావా, నువ్వు గట్టు మీద కూసో," అన్నాడు రామచంద్రం. గట్టు మీద నేను ఉన్నాను. నేను లేవలేదు.

సరిగ్గా అప్పుడు గంగ అనే పెద్ద బర్రె తాడు తెంపుకుని వచ్చింది. దర్వాజ ఎటని అడగలేదు. గోడలోంచి నేరుగా పెద్దగదిలోకి వచ్చి, గట్టు వైపు మూతి పెట్టి, నడుమ పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది. ముగ్గురు మగాళ్లు కలిసి నెట్టినా కదలలేదు. ఆ ఇంట్లో చేరిన మొదటి కిరాయిదారు అదే.

"బర్రె తొక్కిన ఇంట్ల నేను వాటా పెట్ట," అని లచ్చయ్య కండువా దులిపి చంద్రవ్వతో వెళ్లిపోయాడు. రామచంద్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, భార్య ముందు నడుస్తుంటే వెనక నడిచాడు. ఆ నడక చూస్తే గోదావరిఖని దాకా ఆమే మాట్లాడి ఉంటుందనిపించింది.

మిగిలింది లింగారావు, సున్నం, బర్రె.

"సంతకం ఏడ పెట్టాలె?" అని అడిగింది లీలాబాయి.

లింగారావు కాళ్లకంటిన సున్నం దులుపుకున్నాడు.

"భూమి ఉంటే ఉండనీ. మరి ముగ్గు పోసి కొబ్బరికాయ కొట్టిన జాగను బోడిగ వదిలిపెడ్తే ఇంటాయనకు మంచిదంటరా, పెదనాయినా?" అని నన్ను అడిగింది.

నేను ఎంతో బాధపడుతున్నట్టు ముఖం పెట్టి, "అస్సలు మంచిది కాదు బిడ్డా," అన్నాను.

లింగారావు తల పట్టుకున్నాడు. "ఏం కట్టాలె మరి ఈడ?"

లీలాబాయి గంగ వైపు చూసింది. గంగ లింగారావు వైపు చూసింది.

మర్నాడు మేస్త్రి భూమన్న వచ్చాడు. ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని లింగారావు చెప్పబోతే, "ఎరికే సార్. అమ్మ పోయిన వారమే చెప్పింది. ఇటుకల బండి దారిల ఉన్నది," అన్నాడు. పెద్దగదిలో గోడ పొంటి గీసిన పొడుగు గట్టు దగ్గర ఆగి, "కుడితి తొట్టి గిదేనా?" అని అడిగాడు.

లింగారావు గట్టును చూశాడు. వంటింటి కిటికీ వైపు చూశాడు. లోపల గరిట చప్పుడు కొంచెం హుషారుగా వినబడింది.

ఇప్పటికీ ఊళ్లో దాన్ని పోలండ్ కొట్టం అనే అంటారు. వాన పడితే లింగారావు వరండాలో ఒంటరిగా పేపరు చదువుకుంటాడు. బర్రెలు లేక తోచడం లేదని అప్పుడప్పుడు పేపరు తీసుకుని కొట్టంలోకే వెళ్లి కూర్చుంటాడు. కాలువ పక్క అరెకరంలో పసుపు పచ్చగా నిలబడి ఉంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే ముక్క. బర్రె తాడు తెంపుకుని వచ్చిందన్నాను చూడండి, అది. గట్టు మీద కూర్చున్నవాడికి కట్టుకొయ్య చక్కగా కనపడుతుంది. తాడు తెగలేదు. విప్పారు. ఎవరు విప్పారో లింగారావుకు చెప్పనని ఆమెకు మాటిచ్చాను. మీకు చెప్పనని ఇవ్వలేదు.