రెండున్నర మందికి సరిపడే గ్రిల్

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది గానీ వాన పడలేదు. పైనుంచి అనుమతి రాలేదు కాబోలు.

నిప్పు పుట్టించడం నేర్చుకోవడానికి మనిషికి వేల ఏళ్లు పట్టిందంటారు. దాన్ని వంటింట్లోంచి వెళ్లగొట్టడానికి మా భవన నిర్వహణ కార్యాలయానికి ఒక్క సమావేశం చాలింది. కిందటేడు నుంచి మా నలభై ఫ్లాట్లలోనూ మంట నిషిద్ధం. ఉడకబెట్టుకోవడానికి కరెంటు పొయ్యి ఉంది. కాల్చుకు తినాలని ఎవరికైనా బుద్ధి పుడితే (పుట్టకపోవడమే మేలని సర్క్యులర్‌లో ఉంది) కరెంటు గ్రిల్ పెట్టుకోవచ్చు. అయితే ఏ ఇంటికి ఏ గ్రిల్ అన్నది ఇంటివాళ్లు నిర్ణయించకూడదు. తమ ఆకలి విషయంలో వాళ్లకు పక్షపాతం ఉంటుంది. భవనం వారి యాప్ నిర్ణయిస్తుంది.

మాకు గ్రిల్ అవసరం పడింది మా అక్క వల్ల. ముప్పై ఏళ్లు ఒక హాస్టల్లో మూడొందల మందికి వండి పెట్టిన మనిషి. మోకాళ్లు మొరాయించాక, మూడు నెలల కిందట మా ఇంటికి వచ్చింది. ఇక్కడే ఉండిపొమ్మన్నాం. "చూద్దాంలేరా" అంది. ఆ చూడటం ఇంకా పూర్తి కాలేదు. వెంట తెచ్చుకున్న రేకు పెట్టె, కట్టిన తాడు కట్టినట్టే మంచం కింద ఉంది. కట్టుకునే రెండు చీరలూ చేతిసంచిలోనే మడత పెట్టుకుంటోంది. ఆ తాడు విప్పిన రోజున అక్క ఉంటున్నట్టే అని నేనూ మా ఆవిడా ఎవరికి వాళ్లం అనుకున్నాం. పైకి అనలేదు.

మూడు నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే.

"ఒరేయ్, ఒక మొక్కజొన్న కండె కాల్చుకు తినాలనుందిరా. రోజూ ఉడకేసిందే తింటుంటే ఆసుపత్రిలో ఉన్నట్టుంది."

యాప్ తెరిచాను. మీ ఇంట్లో ఎంతమంది అని అడిగింది. ముగ్గురని నొక్కాను. 'అభినందనలు. మీది మధ్యస్థ కుటుంబం' అంది. మధ్యస్థ కుటుంబానికి మధ్యస్థ గ్రిల్. దానికి వంటింట్లో రెండు కిటికీలు ఉండాలి. మాకు ఒక్కటే ఉంది. అదీ తెరిస్తే పక్క భవనం గోడకు తగులుతుంది (అయినా నియమాల ప్రకారం కిటికీయే). ఒక్క కిటికీకి ఇచ్చేది చిరు కుటుంబ గ్రిల్. అది రెండున్నర మంది వరకే.

కిందికి దిగి కార్యాలయంలో పొగ విభాగం పర్యవేక్షకుణ్ణి కలిశాను. పొగ రాని గ్రిల్‌లకు పొగ విభాగం ఎందుకని అడగలేదు. అక్కడ నలుగురు బతుకుతున్నారు.

"మేం ముగ్గురమే సార్. మా అక్క తినేది పిట్టంత. చిన్నది చాలు."

"తిండిని బట్టి కాదండీ, తలని బట్టి. తలకి ఇంత గ్రిల్ పలక అని లెక్క."

"పోనీ, ఒకరి తర్వాత ఒకరం కాల్చుకుంటాం."

ఆయన కలం కింద పెట్టాడు. "అలా మొదలుపెడితే ఇక కుటుంబం అన్నదానికి అర్థమేముందండీ?"

"మరి దారి?"

"పన్నెండేళ్లలోపు వాళ్లని అర కింద రాస్తాం. మీ ఇంట్లో ఉన్నారా?"

"లేరండీ."

"నేనడిగేది యాప్‌లో ఉన్నారా అని." గొంతు తగ్గించాడు. అక్కడ ఇంతకంటే ఎవరూ ఎవరికీ సాయం చెయ్యరు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. "అర అని పెట్టెయ్యండి. కాగితం మీదేగా. వదినకి చెప్పక్కర్లేదు."

పెట్టాను. వయసు అడిగింది. ఆ గడిలో పదకొండు దాటి అంకెలు లేవు. పదకొండు నొక్కాను. అక్కకు అరవై నాలుగు. ఒక్క వేలితో యాభై మూడేళ్లు తగ్గించిన వైద్యుడు నాకు తెలిసి లేడు.

తర్వాత యాప్ రెండు చిరు గ్రిల్‌లు చూపించి, కొన్నవాళ్ల అభిప్రాయాలు చదవమంది. ఐదు నక్షత్రాలు ఇచ్చినాయన పెట్టె ఇంకా విప్పలేదని రాశాడు. ఒక్క నక్షత్రం ఇచ్చినావిడ విప్పింది. ఆవిడ రాసింది నిజంలా ఉంది గనక, ఆయన మెచ్చుకున్నదే ఎంచుకున్నాను. మనిషికి ఆశ ఉండాలి.

పిల్లలున్న ఇల్లు గనక తనిఖీ తప్పదన్నారు. రెండో రోజున బాలల భద్రతాధికారిణి కొలతల టేపుతో వచ్చింది. అక్క గుమ్మం దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"పాప ఏదండీ?"

మా ఆవిడ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. కిటికీ గోడ వంక చూసింది.

"ఏ పాపమ్మా?" అంది అక్క.

అధికారిణి చేతిలోని ట్యాబ్ చూపించింది. అక్క కళ్లజోడు సర్దుకుని చదివింది. పేరు తనదే. ఎదురుగా 'అర' అని ఉంది. చేతిలో ఉన్న కాయ వలవడం పూర్తి చేసి, గింజలు గిన్నెలో వేసింది.

"నేనేనమ్మా. కాస్త ఎదిగాను."

అధికారిణి ఏమీ ఆశ్చర్యపోలేదు. లేచి నిలబడమని టేపు పెట్టి కొలిచి, 'వయసుకు తగ్గ ఎత్తు' అని రాసుకుంది.

"నిప్పు దగ్గరికి వెళ్లే అలవాటుందా?"

"ముప్పై ఏళ్లుగా ఉందమ్మా."

"మాన్పించాలి" అని నాతో చెప్పింది. వెళ్లేముందు వంటగట్టుకు మూడడుగుల దూరంలో నేల మీద పసుపుపచ్చ టేపు అంటించింది. అర వాళ్లు దాన్ని దాటకూడదు. గ్రిల్ మూత కూడా నా వేలిముద్రకో మా ఆవిడ వేలిముద్రకో తప్ప తెరుచుకోదట.

ఆవిడ మెట్లు దిగాక అక్క దగ్గర కూర్చున్నాను. "అక్కా, అదేదో కాగితం మీద..."

"తెలుసులేరా. హాస్టల్లో నేనూ రాసేదాన్ని. రెండొందల తొంభై మంది ఉంటే మూడొందలని రాసేదాన్ని. ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్లకీ ఉంటుందని." గిన్నె చేతిలోకి తీసుకుంది. "లేనివాళ్లని ఉన్నట్టు రాశాను గానీ, ఉన్న మనిషిని తగ్గించి ఎప్పుడూ రాయలేదు."



ఆదివారం గ్రిల్ వచ్చింది. దాని పలక మీద కండెలు పెట్టడానికి రెండు నిండు గాడులు, పక్కన ఒక అర గాడి. మూడు కండెలు కొన్నాం. మూడోది సగానికి విరిస్తే గానీ పట్టలేదు. మూడొందల మందికి వండిన మనిషి పసుపుపచ్చ టేపుకు అవతల నిలబడింది.

"అమ్మాయ్, తిప్పు. ఒకవైపే వేడెక్కుతోంది."

"మూత తీస్తే ఆగిపోతుంది వదినా."

"అయితే మానెయ్."

గ్రిల్ కూత కూసింది, మూత తీశాం. కండెల మీద ముచ్చటగా నాలుగేసి చారలు పడ్డాయి. కాలలేదు. ఒక్క నక్షత్రం ఆవిడ సరిగ్గా ఇదే రాసింది.

పళ్లేలు పెట్టుకునేసరికి రేకు పెట్టె మంచం కింద లేదు. గుమ్మం దగ్గర ఉంది. తాడుకు కొత్తగా ఇంకో ముడి పడింది.

"హాస్టల్ పక్కన నేనుండే గది ఇంకా ఖాళీగానే ఉందటరా" అంది అక్క, వాతావరణం గురించి చెప్పినట్టు.

మా ఆవిడ తన కండె విరిచి అక్క పళ్లెంలో పెట్టింది. అక్క దాన్ని తీసి మళ్లీ మా ఆవిడ పళ్లెంలోనే పెట్టి, తన అర ముక్క అందుకుంది. ఫోన్ మోగింది. 'మీ కుటుంబం సంతృప్తి చెందిందా?' అని యాప్ అడిగింది. పన్నెండేళ్లలోపు వారికి ఓటు లేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. జవాబు ఇవ్వలేదు. ఇవ్వకపోతే అవుననే లెక్కట. ఇద్దరిలో ఇద్దరూ సంతృప్తి చెందినట్టు నమోదైంది.

నమిలే చప్పుడు మాత్రం ముగ్గురిదీ వినిపించింది.