మసక బోర్డు మహిమ

అయ్యలారా, అమ్మలారా! బొమ్మలు స్పష్టంగా కనిపించాలని పట్టుబట్టేవాళ్లంతా సమాజానికి శత్రువులు. మసకే మనకు శ్రీరామరక్ష!

బోర్డులూ బ్యానర్లూ డిజైన్ చేసి పొట్టపోసుకునేవాణ్ణి, ఆమాత్రం నాకు తెలియదా? నాయకుడి ఫొటో మసకబారితే ముడతలు మాయం. ట్యూషన్ మాస్టారి ఫోన్ నంబరు అలుక్కుపోతే పిల్లలకు పండగే. జిమ్ బ్యానర్ మీది కండల వీరుడు బస్తాలా కనిపిస్తే, దారినపోయే బొజ్జరాయుళ్లకు ఎంత ఊరట!

ఈ సేవంతా నేను చేత్తో చేస్తున్నానా? లేదు, బొమ్మల్ని కంప్యూటరే ప్రింటుకు పంపేసేలా ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను! కంప్యూటర్లో గీతలతో వేసిన బొమ్మను ఎంత సాగదీసినా చెదరదు. దాన్ని ఫొటోగా మార్చి ప్రింటుకు పంపేటప్పుడు మాత్రం అంగుళానికి ఎన్ని చుక్కలుండాలో చెప్పాలి; చుక్కలు తగ్గేకొద్దీ బొమ్మ మసకే. ఎవరికో ఫోన్లో శాంపిల్ పంపాలని ఒకసారి ఆ చుక్కలు బాగా తగ్గించాను. మళ్లీ పెంచడం మరిచిపోయాను. స్క్రిప్ట్ పాపం చెప్పింది చెప్పినట్టే చేసుకుపోయింది. అంత విధేయత మా ఇంట్లో ఎవరికుంది చెప్పండి?

అలా వెళ్లిందే మా అక్క బోర్డు. అక్క కంటి డాక్టరు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల ఆసుపత్రిలో చాకిరీ చేసి, ఇప్పుడు సొంత క్లినిక్ తెరిచింది. "బోర్డు సంగతి మా తమ్ముడు చూసుకుంటాడు" అని అందరికీ చెప్పుకుంది, పిచ్చిది.

ప్రింటువాళ్లు తెచ్చి బిగించేశారు. కన్ను బొమ్మ పెద్దది గనక తెలుస్తోంది. అక్షరాలే అలుక్కుపోయాయి. ఇక చూడండి, తెరిచిన రోజు జనమే జనం! బోర్డు చూడటం, కళ్లు నులుముకోవడం, కంగారుగా లోపలికి పరిగెత్తడం. ఇంతకంటే గొప్ప ప్రకటన ఉంటుందా? నేను కాలరెగరేశాను.

సాయంత్రం అక్క మొహం కందగడ్డలా చేసుకుని బయటికొచ్చింది.

"వచ్చినవాళ్లలో ఒక్కరికీ చూపులో లోపం లేదురా! బోర్డుదే జబ్బని తెలిసి అందరూ నవ్వుకుంటూ పోయారు. మొదటిరోజే నా పరువు తీశావు కదరా!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క నన్ను లోపలికి లాక్కెళ్లి కుర్చీలో కూలేసింది. గోడమీది అక్షరాలు చదవమంది. అట్టడుగున చీమల్లాంటివి కూడా గడగడా చదివేశాను.

"చూపు బ్రహ్మాండంగా ఉంది. మరి బోర్డు పంపేముందు ఒక్కసారి చూసి చావలేదేం?"

"అదంతా స్క్రిప్ట్ చూసుకుంటుందనుకున్నానక్కా."

"దానికి కళ్లున్నాయట్రా?"

దానికి లేవు, మహాజనులారా. ఉన్నవాణ్ణి నేనే. నా అసలు ఏడుపంతా అదే!