తడితే వదిలేయాలి

యేసుదాసు మాస్టారిని తాడేపల్లిగూడెంలో మోకాళ్ల మాస్టారంటారు. కుస్తీ సీడీలు తెప్పించుకుని బడి పిల్లలకు కాలిపట్లు నేర్పడం మొదలెట్టాక వచ్చిన బిరుదది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా ఆయన మోకాలి దగ్గర్నుంచే మొదలెడతాడు.

"కాలిపట్టు పాముకాటు లాంటిది స్టెల్లా! నొప్పి తెలిసేసరికి కీలు పోయుంటుంది. అందుకే మెల్లగా పట్టాలి, కుదపకూడదు. చిక్కినవాడు నొప్పికి ముందే నేల మీద తట్టాలి. తడితే పట్టినవాడు తక్షణం వదిలేయాలి."

భార్య స్టెల్లా ఈ పాఠం అంట్లు తోముతూ విన్నది, బట్టలారేస్తూ విన్నది. పరీక్ష పెడితే ఫస్టున పాసవుతుంది. ఆదివారం చెల్లెలి పాప బాప్తిస్మానికి అత్తిలి వెళ్లాలన్న ఒక్క మాట మాత్రం ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

ఎలా ఎక్కుతుంది? అక్కడ తోడల్లుడు ఎలీయాజరు ఉంటాడు. కొల్లేటి పక్కన చేపల చెరువులు చేస్తాడు. మేత గురించి ఎత్తుకున్నాడంటే విస్తట్లో అన్నం ఎండిపోవాల్సిందే. పెద్దపాప బాప్తిస్మానికీ స్టెల్లా ఒంటరిగానే వెళ్లి, "మీ ఆయనేరీ?" అన్నవాళ్లందరికీ జవాబు చెప్పి చెప్పి అలసిపోయింది.

శుక్రవారం సాయంత్రం మాస్టారు కుంటుతూ వచ్చాడు. మోకాలికి తడిగుడ్డ.

"సైన్సు మాస్టారు అల్తాఫ్ లేడూ, సాధనలో నా కాలు పట్టాడే. కీలు కదిలినట్టుంది. ఆదివారం ఇక..."

"అయ్యో! మీరు తట్టలేదాండీ?"

"తట్టకేం! తట్టాను."

"తట్టినా వదల్లేదా ఆయన? అయితే రేపే హెడ్మాస్టారికి చెబుతాను. అలాంటాయన పిల్లల కాళ్లు పడితే ఇంకేమైనా ఉందా?"

మాస్టారు కంగారుపడ్డాడు. "ఛ, ఛ! బంగారం లాంటి మనిషి. నేనే... తట్టలేదేమో."

"పాఠం చెప్పేవారే తట్టకపోతే పిల్లలేం తడతారండీ? అయితే వచ్చే వారం ఏలూరులో మీ కుస్తీ ప్రదర్శన ఆపించాల్సిందే."

"అది కాదే! ఆ సమయానికి నాకు తట్టలేదు..."

"నేననేదీ అదేనండీ. మీకేదీ సమయానికి తట్టదు."

అటు కదిలితే అల్తాఫ్ పరువు, ఇటు కదిలితే ఏలూరు. ఆవిడ ఎక్కడా కుదపలేదు. మెల్లగా, ఆయన చెప్పినట్టే పట్టింది.

మాస్టారు చతికిలబడి, అరచేత్తో నేలని రెండుసార్లు తట్టాడు.

స్టెల్లా తక్షణం వదిలేసింది. నియమం నియమమే.

"ఆదివారం తొలి బస్సుకే బయల్దేరదామండీ," అంది తాపీగా. "ఆ తడిగుడ్డ ఇలా ఇవ్వండి. పొద్దుట్నుంచి పొయ్యి గట్టు తుడవడానికి వెతుకుతున్నాను."